అక్కయమ్మ ఒక్కపొద్దు

చింతామణి
జూన్ నెల

అన్న మునివెంకటప్పకు చెల్లెలు అక్కయమ్మ మొక్కి రాయించేది.

అన్నా, నీకు ఫోన్లో ఎంత అరిచినా వినపడదు, నాకు అక్షరం రాదు. అందుకే నేను చెప్తాంటే అల్లుడు అమరేష్ రాస్తాండాడు. మన రంజిత కనపడకుండా పోయినాది. రాగులు ఆడించుకొస్తానని మిల్లుకు పోయిన బిడ్డ మళ్ళీ ఇల్లు చేరలేదు. రాగుల సంచి మిల్లులోనే ఉండాది. ఫోను ఇంట్లో అలమరలో ఉండాది. మనిషే లేదు.

అల్లుడు అంగడి మూసేసి తిరుగుతాండాడు. మదనపల్లి బస్సులకూ కోలారు బస్సులకూ దాని ఫోటో అంటించినాడు. స్టేషన్లో కంప్లైంటు ఇచ్చినాడు. పెండ్లాం కోసం ఇట్ల అల్లాడే మొగోణ్ణి నేను యాడా చూడలేదన్నా. ఈ మాట రాసేదానికి సిగ్గుపడతాండాడు, నేనే బలవంతంగా రాయిస్తాండా.

దాని మొకం చూసేదాకా ముద్ద ముట్టనని అల్లుని ఇంట్లోనే దేవుని పటం ముందర ఒట్టు పెట్టుకొని ఒక్కపొద్దు ఉండా. మజ్జిగ తాగుతా, చేతికందితే ఒక పండు, అంతే. రంజిత నీ తట్టు ఏమన్నా వచ్చిందా? పుట్టింటోళ్ళంటే దానికి నువ్వూ నేనే కదా. వచ్చింటే ఒక్క మాట రాయి, నా ప్రాణం నిలబడతాది.

పెద్దనాయనకు అమరేష్ నమస్కారాలు. అత్త చెప్పింది చెప్పినట్టే రాశాను. నా తరఫున ఒక్క సంగతి. ఆ రోజు గడప దాటేటప్పుడు రంజిత ఆగి గుమ్మం కెమెరా వైపు చూసింది. ఆ చూపును నేను చాలాసార్లు చూశాను. అది తిరిగి వచ్చే మనిషి చూపా, కాదా అన్నది ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. మీరు పెద్దవారు, మనుషుల్ని చూసినవారు. ఒకసారి వచ్చి చూసి చెప్పగలరా?


పాతపాళ్య, బాగేపల్లి తాలూకా
జూన్ నెల

చెల్లెలు అక్కయమ్మకు అన్న మునివెంకటప్ప దీవించి రాసేది.

మా పోస్టాయన ఇప్పుడు తెచ్చేదంతా బ్యాంకు కాగితాలే. చేతిరాత ఉన్న కవరు కనబడేసరికి దాన్ని ఎండకెత్తి చూసి, నా చెవి దగ్గర నోరు పెట్టి, “పెద్దాయప్పా, నీకు జాబు రాసేవాళ్ళు ఇంకా బతికుండారా?” అని అరిచాడు. నేను నవ్వుతూనే కవరు చింపాను. ఆ నవ్వు ఎక్కడ ఆగిపోయిందో నీకు చెప్పక్కర్లేదు.

రంజిత ఇటు రాలేదమ్మా. ఈ ఒక్క ముక్క కార్డు మీద రాసి పడేయొచ్చు. కానీ ఒక్క ముక్కతో సరిపెట్టడం నాకు ఏనాడు చేతనయింది? మీ వదిన బతికున్నప్పుడు, నేను ఉప్పు అడిగితే ఉప్పు తయారయ్యే సముద్రం దగ్గర్నుంచి మొదలుపెడతానని అనేది.

వెంటనే బయల్దేరి రావాలని ఉంది. కానీ ఇంట్లో పట్టుపురుగులున్నాయి, నాలుగో జ్వరంలో పడుకున్నాయి. అమరేష్‌కు మా జ్వరం సంగతి తెలియదేమో. పురుగు పెరిగేటప్పుడు నాలుగుసార్లు ఆకు తినడం మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. పాత తోలు విడిచి లేస్తుంది. దాన్నే మేము జ్వరమంటాం. ఆ సమయంలో బయటివాళ్ళను పురుగుల ఇంట్లోకి రానివ్వం. తలనూనె వాసన, అత్తరు వాసన, ఏ వాసనా దానికి పడదు. సొంత బావమరిదినైనా వాకిట్లోనే కూర్చోబెట్టి మాట్లాడి పంపిస్తాం. ఎవరూ తప్పుగా అనుకోరు.

నేను చెప్పొచ్చేది వేరే. ఆ పురుగు కూడా తిండి మానుతుంది. కానీ లేచాక మానినదంతా కలిపి తింటుంది. నువ్వు మాత్రం లేవను, తినను అంటున్నావు. నీ ఒట్టు దేవుడు అడిగింది కాదు, నువ్వు పెట్టుకున్నది. దయచేసి తిను. పురుగులు జ్వరం లేచాక, ఒక పూట ఎవరినైనా కాపలా పెట్టి వస్తాను.


చింతామణి
జూలై నెల

అన్నకు అక్కయమ్మ రాయించేది.

నువ్వొచ్చి పోయినప్పటినుంచి నాకు ఇంకా దిగులైందన్నా. నా పక్కన కూర్చొని నా మొకమే చూస్తాంటివి. ఏదో చెప్పేవాని మాదిరి నోరు తెరుస్తాంటివి, అల్లుని తట్టు చూసి మూస్తాంటివి. కాఫీ చల్లారిపోయింది, నువ్వు బస్సుకు లేసినావు. అంత దూరమొచ్చి వానల గురించి మాట్లాడి పోతారా ఎవురన్నా?

అమరేష్‌ను చూస్తే కడుపు తరుక్కుపోతాది. రంజిత కోకలన్నీ మంచం మీద పరచుకొని నడమ కూర్చుంటాడు. సీసీ కెమెరాల అంగడి కదా ఆయప్పది, ఇంట్లో కూడా పెట్టినాడు, వంటింట్లో, నడవలో, పెరట్లో. వాటిల్లో అది నడిచింది, మాట్లాడింది అంతా ఏండ్లకేండ్లు దాచిపెట్టినాడు. పొద్దస్తమానం అదే చూస్తాండాడు. నన్నూ కూర్చోబెట్టి చూపిస్తాడు. నిన్న చూపించినదాంట్లో అది చారుకు పోపు పెడతాండాది, అంగడిలో నుంచి ఈయప్ప గొంతు ఆ కెమెరాలోంచే వచ్చింది. “కొంగు సర్దుకో రంజితా, మంట దగ్గరుండావు” అని. ఎంత జాగ్రత్తన్నా పెండ్లాం మీద. నా మొగుడు నేను నిలువునా అంటుకున్నా, పక్కింటోళ్ళు చెప్తేగానీ తల తిప్పేవాడు కాదు.

లేస్తే కండ్లు తిరుగుతాండాయి. ఎదురింటి జయలక్ష్మమ్మ చెయ్యి పట్టుకొని ఆస్పత్రికి తోడుకపోయింది, సెలైన్ ఎక్కించినారు. ఒట్టు తీసేయమని అందరూ చెప్పేవాళ్ళే. తీసేస్తే నా బిడ్డ రాదని నాకు మనసులో ఉండాది. ఏం చేసేదన్నా? నువ్వు ఏదన్నా చెప్పు.

పెద్దనాయనా, డాక్టరు అన్న మాట అత్తకు చెప్పలేదు. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే గుండె తట్టుకోదట. ఆమెను తినమని నేను బలవంతపెట్టడం లేదు. ఆమె నమ్మకాన్ని చెరపడం నాకు ఇష్టం లేదు. ఎవరి దగ్గరైనా రంజిత గురించి ఒక్క మాట ఉంటే, ఆ మాటే అత్త ప్రాణం. ఈ విషయం మీకు తెలిసి ఉండాలని రాస్తున్నాను. నమస్కారాలు.


పాతపాళ్య
జూలై నెల

చెల్లెలికి అన్న రాసేది.

నీ ఉత్తరం చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివాను. అమ్మా, నేను నీకంటే పెద్దవాణ్ణి, నా కాళ్ళు మొక్కేదానివి నువ్వు. ఈసారి నేనే నీ కాళ్ళు పట్టుకుంటాను. రాగి అంబలైనా తాగు. పాలన్నం ఒక గరిటె తిను. ఒట్టు తప్పిన పాపం నాకు రానీ. రంజిత వస్తుంది. ఎలా తెలుసని అడగొద్దు. ముసలివాళ్ళకు కొన్ని తెలుస్తాయి అనుకో.

నిన్ను నవ్వించాలని ఏదైనా మంచి కబురు రాద్దామంటే నాకు పురుగులు తప్ప ఏమున్నాయి? అవే రాస్తాను. ఈ కారు పంట చూడాల్సిందమ్మా. నాలుగో జ్వరం లేచాక ఆకు తింటుంటే వాన కురుస్తున్న చప్పుడు వస్తుందని అందరూ అంటారే, నా చెవికి అది అందక చాలాకాలమైంది. ఈసారి తట్టకు చెయ్యి ఆనించి ఉంచితే అరచేతిలో తెలిసింది ఆ వాన. ఇంటి నిండా పురుగు పెట్టాను. పురుగు పండి పసుపు మెరుపుకు వచ్చిందంటే మనకు పూట కూడా టైమివ్వదు. ఏరి, గూడు కట్టుకునేదానికి వెదురు చంద్రికల మీదికి ఎక్కించకపోతే ఎక్కడ పడితే అక్కడ పట్టు ఉమ్మేసి పాడైపోతుంది. ఒక్క పురుగు జారలేదు. చంద్రికలన్నీ నిండి, తెల్లగా, గట్టిగా, నిమ్మకాయల్లా గూళ్ళు. శిడ్లఘట్ట మార్కెట్లో పట్టుదారం తీసే రీలర్లు గుప్పిట్లోకి తీసుకొని ఊపి చూసి, “యజమాన్, నీ వయసుకు ఇదేం పంటప్పా” అన్నారు. మీ వదిన ఉన్నన్నాళ్ళూ కూడా ఇట్లాంటి పంట తీయలేదు.

చూశావా, ఏడుస్తూ మొదలుపెట్టి గొప్పలు చెప్పుకుంటున్నాను. నీ అన్న బుద్ధి నీకు తెలుసు. తిను.


చింతామణి
జూలై నెల

అన్నకు అక్కయమ్మ రాయించేది.

నీ పంట సంగతి అల్లుడు చదివి వినిపిస్తే సంతోషమైంది. రెండోతూరి చదువప్పా అంటే ఆ ముక్క వరకు మళ్ళీ చదివినాడు. ఆయప్పకూ బాగున్నట్టుండాది.

ఒకటే తెలీలేదన్నా. వదిన పోయినాక నువ్వు సగం ఇంటికే పురుగు పెడతాంటివి. పండిన పొద్దు ఏరేదానికి రెండు చేతులు చాలవని ప్రతి పంటకూ ఏడుస్తాంటివి. ఈతూరి ఇల్లంతా పెట్టి ఒక్కటీ జారకుండా ఎట్ల ఎక్కించినావు? కూలోళ్ళు దొరకరని అంటాంటివే. ఎవురన్నా ఆడమనిషి వచ్చిందా సాయానికి? మంచిదైతే ఉంచుకో, నీకూ ఇంత వండి పెడతాది.

నాకు ఇంక లేసి కూర్చునే శక్తి లేదు. పడుకొనే చెప్తాండా.

నీ మాట ఏమన్నా రాయప్పా అని అల్లుణ్ణి అడిగితే, “ఈసారి ఏమీ లేదత్తా” అన్నాడు.


చిక్కబళ్ళాపురం
ఆగస్టు నెల

అమ్మా అక్కయమ్మా,

ఈ ఉత్తరం తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. మన ఇళ్ళలో మాట తెలుగు, బడి కన్నడ. అందుకే ఇన్నాళ్ళూ మన మాటలను కన్నడ అక్షరాల్లో పెట్టి పంపుకున్నాం. నేను ఏ బడికీ పోలేదు. కన్నడం బస్సుల బోర్డులు చూసి నేర్చాను, తెలుగు హిందూపురం నుంచి బెల్లం చుట్టి వచ్చిన పేపర్లు చూసి నేర్చాను. బెల్లం అంటుకున్న చోట్ల కొన్ని అక్షరాలు ఇప్పటికీ నాకు సరిగా రావు. అమరేష్‌కు తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. ముందే ఇలా రాసి ఉంటే అనుమానం పుడుతుందని భయపడ్డాను. ఇప్పుడు పుట్టవలసిందంతా పుట్టింది. ఈ కాగితం అతను చింపుతాడో, దాస్తాడో తెలియదు. ఇది ఇంకెవరి చేతిలోనైనా పడితే, తల్లీ, తండ్రీ, మీరెవరైనా సరే, ఆ ఇంటి అల్లుడు పక్కన లేనప్పుడు మా చెల్లెలికి చదివి వినిపించండి. మీకు దండం పెడతాను.

రంజిత బతికి ఉంది. మొదటి రోజు నుంచీ నా దగ్గరే ఉంది. నీ మొదటి ఉత్తరం వచ్చినప్పుడు నా పక్కన కూర్చొని కూర తరుగుతోంది. నేను చదువుతుంటే వింది. “ఒక్కపొద్దు ఉండా” అన్న చోట కత్తి కింద పెట్టి లేచిపోయింది.

నీకు ఎందుకు చెప్పలేదంటావా? నీకు చెప్పాలంటే అతనే చదవాలి. నేను ఆ రోజు చింతామణికి వచ్చింది చెప్పడానికే. కానీ నీ చెవిలో గుసగుసగా చెబుదామంటే, నా గొంతు ఎంత పైకి పోతుందో నాకే తెలియదు. నువ్వు అడగాలంటే వీధంతా వినేట్టు అరవాలి. మన పక్కన అతను మోకాలికి మోకాలు ఆనించి కూర్చున్నాడు. లేచి పోతాడేమోనని వానల గురించి మాట్లాడుతూ పోయాను. అతను లేవలేదు. వానలు అయిపోయాయి.

అతను దాన్ని ఎన్నడూ కొట్టలేదమ్మా. కొట్టి ఉంటే నువ్వే ముందు పసిగట్టేదానివి. కిటికీ దగ్గర నిలబడితే కెమెరాలోంచి, “ఎవరికోసం?” అని గొంతు వచ్చేది. సాయంత్రం ఇంటికొచ్చి, చూసినవన్నీ మళ్ళీ చూపిస్తూ, “ఇక్కడ నవ్వినావు, ఏం తలుచుకొని?” అని అడిగేవాడు. చెప్పేదాకా పడుకోనిచ్చేవాడు కాదు. ఏమీ తలుచుకోలేదంటే నమ్మడు. అందుకని అది అబద్ధాలు కల్పించి చెప్పడం మొదలుపెట్టింది. వాటిని గుర్తు పెట్టుకొని మళ్ళీ మళ్ళీ అడిగేవాడు. అది ఊపిరి పీల్చుకునే చోటు ఆ పిండిమిల్లు ఒక్కటే. ఆ రోజు అతను మిల్లు ఓనరుకు ఊరికే ఒక కెమెరా బిగించి ఇస్తానని మాటిచ్చి, నిచ్చెన తీసుకొని బయల్దేరాడట. అది రాగుల సంచి అక్కడే వదిలి బాగేపల్లి బస్సు ఎక్కేసింది.

లాయరు దగ్గరికి పోదామని నేను మొదట్నుంచీ అంటున్నాను. “అమ్మ ఆయన చేతిలో ఉండాది మామా, నన్ను పట్టుకోలేకపోతే అమ్మను పట్టుకుంటాడు” అని ఏడ్చింది. నీ రెండో ఉత్తరం అడుగున అతను రాసుకున్న మాటలు చదివాక దాని భయం నాకు అర్థమైంది. నువ్వు ఆకలితో పడుకుంటే నేను నోరు తెరుస్తానని అతను కాచుకొని ఉన్నాడు.

నా నోరు తెరుచుకుంది, కానీ గొప్పలకు. ఆ పంట రంజిత తీసింది. దాని చేతిలో పురుగులు అంత చక్కగా వస్తుంటే ఎవరికీ చెప్పుకోలేక నా కడుపు ఉబ్బిపోయింది. నువ్వు అడిగిన ప్రశ్న అతనికి దారి చూపింది. నువ్వు నొచ్చుకోకు. అడగాల్సిన ప్రశ్నే అడిగావు.

నీ చివరి ఉత్తరం పోస్టులో రాలేదు, అతనే తెచ్చాడు. వాకిట్లో కారు ఆపి, నా చేతిలో పెట్టి, నేను చదివేదాకా నిలబడ్డాడు. నా చెవికి అతని గొంతు అందదు కనుక ఫోన్లో పెద్ద పెద్ద కన్నడ అక్షరాలు కొట్టి చూపించాడు. లోపల ఎవరున్నారు?

“పురుగులుండాయప్పా. నాలుగో జ్వరం లేచినాయి. నువ్వు సెంటు పూసుకోనుండావు, రాకూడదు” అన్నాను.

మళ్ళీ కొట్టాడు. పురుగుల దగ్గర ఎవరున్నారు?

నేను గుమ్మానికి అడ్డం కూర్చున్నాను. నన్ను తోయలేదు. దాటుకొని, బూట్లతో లోపలికి పోయాడు. నేను పోయేసరికి తట్టలన్నీ కింద ఉన్నాయి. అడుగు పెట్టిన చోటల్లా పురుగులు. రంజిత పాత తువ్వాలు ఒకటి దొరికింది, దాన్ని మొహానికి అదుముకొని నేల మీద కూర్చున్నాడు. ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు నిజమైనదే, అందుకే నాకు భయమేసింది. తర్వాత ఫోన్ నా ముందు పెట్టాడు. “సరిగ్గా తింటోందా?” నేను కింద పడిన పురుగులు ఏరుతూ కూర్చున్నాను. “అత్త తినడం లేదు. మీరు చెప్పిన నిమిషంలో తింటుంది.” నేను ఏరుతూనే ఉన్నాను. తువ్వాలు మడిచి జేబులో పెట్టుకొని వెళ్ళిపోయాడు.

రంజిత అప్పుడు తోటలో ఆకు కోస్తోంది. కారు చూసి మల్బరీ సాళ్ళ నడుమనే వంగి నడిచి రోడ్డెక్కిందట. చిక్కబళ్ళాపురంలో మేము అనుకున్న లాయరమ్మ ఇంటికి చేరింది. నేనూ ఇక్కడికే వచ్చాను. తనను ఎవరూ తీసుకుపోలేదని, తానే వచ్చేశానని రాసి సంతకం పెట్టింది. కోర్టు ద్వారా అతన్ని దూరంగా ఉంచే ఏర్పాటు చేస్తామంటున్నారు, దానికి కొన్నాళ్ళు పడుతుంది. అంతవరకు దాన్ని వేరే చోట ఉంచుతున్నారు.

అది నీకు చెప్పమన్నది ఒక్కటే. “నేను తింటాండానమ్మా, నువ్వూ తిను.”

నీ అన్న మునివెంకటప్ప


చింతామణి
ఆగస్టు నెల

అన్నకు అక్కయమ్మ రాయించేది. ఇది రాసేది అమరేష్ కాదు, ఎదురింటి జయలక్ష్మమ్మ. ఆయమ్మ పుట్టిల్లు మదనపల్లి. తెలుగు బడిలో చదివింది.

నీ కవరు పోస్టాయన నా చేతికే ఇచ్చినాడు. అల్లుడు విప్పి కాగితాలు అటూ ఇటూ తిప్పినాడు. ఫోను దాని మీద పెట్టి చూసినాడు, నీ గొలుసుకట్టు రాత ఫోనుక్కూడా తెలిసినట్టు లేదు. మళ్ళా, “ఏమీ లేదత్తా, వానలు లేవంట, పంట పోయిందంట, నిన్ను తినమంటాండారు” అని చదివి మడిచేసినాడు. ఇన్ని కాగితాలు రాసి మా అన్న ఇంతేనా చెప్పింది? ఉప్పు అడిగితే సముద్రం చెప్పే మనిషి.

కాసేపటికి, “అప్పా, మా అన్న మాట మళ్ళొకతూరి చదువు, మనసు బాగాలేదు” అన్నా. చదివినాడు. ఈతూరి వాన బాగా పడతాండాదంట. పంట మాట లేనే లేదు.

అల్లునికి ఎన్నడూ ఎదురు మాట చెప్పినదాన్ని కాను నేను. ఆ పొద్దు మాత్రం ఆయప్ప మొకం చూడలేక గోడతట్టు తిరిగి పడుకున్నా. పూజ దగ్గర పెట్టుకుంటానని కాగితాలు అడిగి తీసుకున్నా. ఆయప్ప స్నానానికి పోయినప్పుడు గోడ పట్టుకొని వీధి దాటినా, గుమ్మం కెమెరాలో పడినా కండ్లు తిరిగినాయని చెప్పొచ్చులే. జయలక్ష్మమ్మ తలుపేసి చదివింది. చదివినదంతా విని, ఇంకొకతూరి చదివించుకున్నా. రెండుతూర్లూ ఒకటే వచ్చింది.

మంట దగ్గర కొంగు సర్దుకోమన్న మాటకు నేను మురిసిపోయి నీకు రాయించినా కదన్నా. అది తలుచుకుంటే ఈ నోట్లోకి ముద్ద ఎట్ల పోతాదో అనుకున్నా. పోయింది. జయలక్ష్మమ్మ రాగిముద్ద, ఆకుకూర సొప్పుసారు పెట్టింది. నెమ్మదిగా తిను, కడుపు ఎండిపోయుండాది అని నా పక్కనే కూర్చున్నాది. బిడ్డ తినమంటే తిన్నా. ఒట్టు పోతే పోనీ.

నీ కాగితాలు ఆయమ్మ పొయ్యిలోనే పెట్టేసినా. దీపం అంటుకొని కాలిపోయినాయని అల్లునికి చెప్తా.

ఇంక నేను చెప్పేది బాగా విను. దాన్ని యాడ పెట్టినారో నాకు చెప్పద్దు. నేను తల్లిని, ఏదో ఒక పొద్దు నోరు జారతా. జయలక్ష్మమ్మ తన ఇంట్లోనే ఉండిపొమ్మంటాండాది. నేను ఆ ఇంటికే మళ్ళీ పోతా. నేను ఆకలితో పడుకోనుంటే నువ్వు కరిగి చెప్తావని ఆయప్ప నమ్మకం. ఆ నమ్మకం ఉన్నన్నాళ్ళూ ఉత్తరం కోసం కాచుకొని ఇంట్లోనే ఉంటాడు, ఊర్లు పట్టుకొని తిరగడు. కోర్టోళ్ళకు ఎన్నాళ్ళు కావాలో అన్నాళ్ళూ నేను పడుకుంటా. వంటింట్లో కెమెరా ముందర మజ్జిగే తాగుతా. కడుపుకు జయలక్ష్మమ్మ ఉండాది, ఆస్పత్రికి తోడుకపోతాననే సాకుండాది.

ఆయప్ప చేత్తో నా జాబులు వస్తానే ఉంటాయి. వాటిల్లో ఏడుస్తా. నువ్వు కరిగిపోవద్దు. కానీ కరిగేటట్టు రాయి. ఆయప్పకు ఆశ ఉండాల. వాటిల్లో నేను చెప్పేది ఏదీ నమ్మద్దు.


చింతామణి
ఆగస్టు నెల

అన్న మునివెంకటప్పకు చెల్లెలు అక్కయమ్మ మొక్కి రాయించేది.

అల్లుడు రాస్తాండాడు, నేను పడుకొని చెప్తాండా. నా బిడ్డ జాడ ఇంకా తెలీలేదు. నీకు తెలిసుంటే ఈ చెల్లెలి మీద దయ ఉంచి చెప్పన్నా. ఒంట్లో శక్తి లేదు. నేను ఇంకా ఏమీ తినలేదు.

పెద్దనాయనా, అత్త చెప్పింది చెప్పినట్టే రాశాను.